ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన అడవిని చూడాలనుంది, మావారిని వదిలి వెళ్లనా?

ఈ వారం ఉత్తరం కౌలాలంపూర్ నుంచి వచ్చింది. రాసినావిడకు 63 ఏళ్లు. తూర్పు గోదావరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ టీచరుగా చేసి కిందటేడు రిటైరయ్యారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. మూడు నెలలుగా భార్యాభర్తలిద్దరూ మలేసియాలో కూతురి దగ్గర ఉంటూ నాలుగేళ్ల మనవణ్ని చూసుకుంటున్నారు. వాళ్లు ఊరికి తిరిగి వెళ్లేలోపు అత్తమామలకు గుర్తుండిపోయేది ఏదైనా చూపించాలని అల్లుడు జూలైలో తమాన్ నెగారా అడవికి రెండు రోజుల ట్రెక్ బుక్ చేశాడట. మొదటి రోజు నడక, రాత్రికి అడవి మధ్య జంతువులను దాగి చూడటానికి కట్టిన మాటు గదిలో నిద్ర, మర్నాడు తిరుగు ప్రయాణం. వెళ్లేది అల్లుడు, ఈవిడ, ఈవిడ భర్త. పిల్లాడితో కూతురు ఇంట్లోనే ఉంటుంది.

"సతత హరితారణ్యాల పాఠం ముప్పయ్యేళ్లకు పైగా చెప్పాను. బోర్డు మీద పొరలు పొరలుగా గీసేదాన్ని. ఒక్కసారీ చూడలేదు. అల్లుడు టికెట్లు చూపించిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు" అని రాశారు.

చిక్కు భర్తతో వచ్చింది. ఆయనకు 67. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. రెండున్నరేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. షుగరుంది, ఇన్సులిన్ తీసుకుంటారు. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పి పెడుతుంది. స్టెంట్ వేసిన రోజుల్లో కూతురు చంటిబిడ్డ తల్లి, కంగారు పడుతుందని చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు. వేసుకునే మాత్రలన్నీ బీపీకేనని కూతురు, అల్లుడు అనుకుంటున్నారు. చెప్పడానికి వీల్లేదని ఆయన ఒట్టు వేయించుకున్నారు. పోనీ ఇంట్లో ఉండమంటే, "నువ్వు వెళ్తే నేనూ వస్తాను. నన్ను వదిలేసి వెళ్లేంత అడవి పిచ్చి ఎప్పట్నించి పట్టింది?" అంటున్నారు. కూతురేమో "ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ" అంటోంది. ఇవి చాలక ఆవిడ సొంత దిగుళ్లు కొన్ని ఉన్నాయి: ఎప్పుడూ చీర తప్ప కట్టలేదు, జలగలంటే ఒళ్లు జలదరిస్తుంది, ఇంతా ఖర్చు పెట్టాక ఒక్క జంతువూ కనబడకపోతే అల్లుడి ముందు ఆయన ఏమంటారో. ఏదో ఒక వంక చెప్పి మొత్తం మాన్పించనా అని అడుగుతూ చివర్లో ఇలా రాశారు: "నిజం చెప్పాలంటే, ఆయన లేకుండానే వెళ్లాలని ఉంది. ఈ మాట రాయడానికి కూడా సిగ్గుగా ఉంది."

టీచర్ గారూ,

మీ ఉత్తరం నాలుగు పేజీలు. అసలు మాట నాలుగో పేజీ చివర్లో ఉంది కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆయన లేకుండా వెళ్లాలనుకోవడం తప్పు కాదు. అది ఆయన మీద ప్రేమ లేకపోవడమూ కాదు. కాశీ వెళ్లినా తిరుపతి వెళ్లినా మందుల డబ్బా, వేడినీళ్ల ఫ్లాస్కు, ఆయన శాలువా మీ సంచిలోనే ఉండేవని మీరే రాశారు. గంగ హారతి జరుగుతుంటే ఆయనకు ఇంజెక్షన్ టైమైందని వెనక్కి తిరిగి వచ్చేశామని కూడా రాశారు. ఆ రాత్రి మాటు గదిలో ఆయన పక్కనుంటే మీరు వినేది అడవిని కాదు, ఆయన ఊపిరిని. అది మీకు తెలుసు కాబట్టే ఆ కోరిక పుట్టింది. దానికి సిగ్గుపడకండి.

అయితే ఆ కోరికను దాచుకుని, ఆయన ఆరోగ్యాన్ని అడ్డుపెట్టి ఆయన్ను ఆపాలని చూస్తే మాత్రం వ్యవహారం చెడుతుంది. కోరిక ఒకటి, ఆయన గుండె మరొకటి. రెండింటినీ ఒకే ముడిలో కట్టేశారు. ముందు వాటిని విడదీద్దాం.

గుండె సంగతి మొదట. అల్లుడు బుక్ చేసింది ఎలాంటి దారో ఉత్తరంలో రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది, ఎందుకంటే చాలా ఏళ్ల కిందట నేనూ ఆ దారినే నడిచాను. అడవి అంచునున్న కౌలా తహాన్ అనే ఊరి నుంచి బుంబున్ కుంబాంగ్ అనే మాటు గదికి 11 కిలోమీటర్ల పైమాటే. మన ఊళ్లో 11 కిలోమీటర్లంటే పొద్దున్నే నడిచేసే దూరం. అక్కడ ఐదారు గంటలు పడుతుంది. వేళ్లు పాములు పెనవేసుకున్నట్టు దారికి అడ్డంగా ఉంటాయి, వాగులు దిగాలి, బురద గట్లు ఎక్కాలి. ఎండ తగలదు కానీ గాలి ఆడదు. గాల్లో తేమ ఎంతుంటుందంటే చెమట పడుతుందే గానీ ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, గుండె మరింత కష్టపడాలి. ఇది పాఠంలో మీరే చెప్పి ఉంటారు. నాతో నడిచినవాళ్లలో ముప్పై ఏళ్ల కుర్రాళ్లు కూడా మూడో గంటకు మాటలు మానేశారు.

మోకాలి మాట అటుంచండి. స్టెంట్ వేసినవాళ్లకు సాధారణంగా రక్తం పలచబడే మాత్రలు ఇస్తారు. జలగ కుట్టినప్పుడు రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాన్ని గాయంలోకి వదులుతుంది. మామూలు మనిషికే ఆ గాయం చాలాసేపు కారుతూ ఉంటుంది. ఆ మాత్రలు వేసుకునే మనిషికి ఒకటి కాదు, పది జలగలు పడితే ఆ ఆగని రక్తాన్ని చూసే మీరు హడలిపోతారు. ప్రాణానికి ముప్పని అనను కానీ, తేలిగ్గా తీసుకునే సంగతీ కాదు. ఇన్సులిన్ ఆ వేడిలో చెడిపోకుండా చూసుకోవాలి. ఐదారు గంటలు నడిస్తే షుగర్ డౌన్ అయ్యే ప్రమాదం ఉంది, చెమట, నీరసం ఎలాగూ అందరికీ ఉంటాయి కాబట్టి ఆ లక్షణాలు గుర్తుపట్టడం కష్టం. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది రాత్రి. అర్ధరాత్రి ఆ గదిలో ఛాతీలో నొప్పొస్తే నది దాకా చీకట్లో నడవాలి, రాళ్లూ సుడులూ ఉన్న నది మీద పడవ దొరకాలి, కౌలా తహాన్ చేరాక మళ్లీ రోడ్డు మీద జెరంతుత్ పట్నం దాకా వెళ్లాలి. తెల్లారేదాకా ఆగాల్సి వచ్చే అవకాశమే ఎక్కువ. సెల్ సిగ్నల్ ఉంటుందన్న లెక్క అసలు పెట్టుకోవద్దు.

కాబట్టి ఆయన వెళ్లాలా వద్దా అన్నది మీరు తేల్చేది కాదు, ఆయన పంతం తేల్చేదీ కాదు. స్టెంట్ వేసిన డాక్టరుకు అక్కడి నుంచే ఫోన్ చేయండి. "ట్రెక్కింగ్‌కు వెళ్లొచ్చా" అని అడిగితే "నెమ్మదిగా వెళ్లండి" అంటారు, వాళ్ల కళ్ల ముందు మెదిలేది ఏ పార్కులోనో వాకింగ్. ఇలా అడగండి: ఉక్కపోతలో ఆరు గంటల అడవి నడక, ఆసుపత్రికి కొన్ని గంటల దూరంలో ఒక రాత్రి, జలగలు, ఈ మాత్రలు, ఇంత మోతాదు ఇన్సులిన్. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన వినేలా అడగండి. జవాబు డాక్టరు నోటి నుంచి ఆయన చెవికే వెళ్లాలి. మధ్యలో మీరు చెబితే అది మీ మాటే అవుతుంది.

ఇక ఒట్టు. ఒట్టు తప్పమని చెప్పడం నాకు ఇష్టం లేదు. మీరిద్దరూ ఆ విషయాన్ని దాచింది కూతురి మీద ప్రేమతోనే. కానీ ఇప్పుడు ఆ దాపరికం బరువు మోస్తున్నది మీ అల్లుడు. తెలియక ఒక గుండెజబ్బు మనిషిని అడవి మధ్యకు తీసుకెళ్తున్నాడు. అక్కడ ఏదైనా జరిగితే జీవితాంతం "నా వల్లే" అనుకుంటాడు. మీ ఆయన్ను ఒప్పించే మాట ఇదే అనుకుంటాను. "మీ ఆరోగ్యం" అంటే ఆయన వినరు, తానింకా గట్టిగానే ఉన్నానని రుజువు చేయాలని చూస్తారు. "మీకేమన్నా అయితే మన అల్లుడి మీద ఎంత నింద పడుతుందో ఆలోచించండి" అంటే వింటారేమో. చెప్పడం ఆయన చేతుల మీదుగానే జరగనివ్వండి. నాలుగు రోజులు గడువు ఇవ్వండి. అప్పటికీ చెప్పకపోతే మీరు చెప్పక తప్పదని ముందే ఆయనకు చెప్పండి, వెనకనుంచి వెళ్లి చెప్పొద్దు. ఒట్టు తప్పినందుకు ఆయన కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. మీ అమ్మాయి కూడా "రెండున్నరేళ్లు నా దగ్గర దాచారా" అని ఏడుస్తుంది. ఆ ఏడుపు కూతురి హక్కు. ఆపడానికి ప్రయత్నించకండి.

ఆయన "నన్ను వదిలేసి వెళ్తావా" అన్న మాట గురించి ఇంకొంచెం ఆలోచించాను. మీకది మొండితనంలా వినబడింది. నాకు భయంలా వినబడింది. బ్యాంకులో అంతమంది మీద అజమాయిషీ చేసిన మనిషి. స్టెంట్ తర్వాత ఇంట్లో "ఇది తినకండి, అది ఎత్తకండి" తప్ప మరో మాట వినలేదు. ఇప్పుడు కొత్త దేశంలో, అల్లుడి ఇంట్లో, భార్య అడవికి వెళ్తుంటే తాను చిన్న పిల్లాడితో ఇంట్లో మిగిలిపోవడం. వద్దన్న ప్రతిసారీ ఆయనకు వినబడేది "నీ పనైపోయింది" అనే. అందుకే ఆయనకు వద్దు అని చెప్పడంతో సరిపెట్టకండి, ఏది కావాలో ఎంచుకునే వీలు ఇవ్వండి. అడవి ఒక్క ఆ మాటు గదిలోనే లేదు.

అసలు అక్కడ ఏమేం వీలవుతాయో చెబుతాను.

కౌలా తహాన్ అంటే తహాన్ నది వచ్చి తెంబెలింగ్ నదిలో కలిసే చోటు. ఊరు ఒక ఒడ్డున, అడవి రెండో ఒడ్డున. పడవెక్కి దాటగానే అడవి మొదలవుతుంది. అక్కడ చెక్క బాటలున్నాయి, చెట్ల కొమ్మల ఎత్తులో తాళ్లకు వేలాడే నడక వంతెన ఉంది. మరమ్మతుల కోసం దాన్ని అప్పుడప్పుడూ మూసేస్తారు, ముందే కనుక్కోండి. రాత్రిళ్లు గైడ్ వెంట గంటా గంటన్నర టార్చి పట్టుకుని నడిచే నడక ఉంది. పార్కు ఆఫీసుకు దగ్గర్లోనే బుంబున్ తహాన్ అని ఇంకో మాటు గది ఉంది, కొద్ది నిమిషాల నడక. సాయంత్రం అక్కడ కూర్చుంటే ఎదురుగా ఉన్న గడ్డి మైదానంలోకి కణితి వచ్చే అవకాశం ఉంది. మన అడవుల్లోనూ తిరిగే ఆ పెద్ద జింకే. ఇవన్నీ మీ ఆయనా చేయగలరు, మనవడూ చేయగలడు, రాత్రికి మంచం మీద పడుకోవచ్చు. కుటుంబమంతా కౌలా తహాన్‌లోనే రెండు రాత్రులు ఉండి, ఆ లోపలి గది మాట మరిచిపోవడం ఒక దారి. ఎవరూ నొచ్చుకోరు. కాకపోతే ఆ అడవి మధ్య రాత్రి మీకు దక్కదు. రేపు ఏదో మాట మీద మాట పెరిగినప్పుడు "మీ వల్లే నేను వెళ్లలేదు" అని మీ నోట రాకుండా ఉంటుందా, అది మీరే చెప్పాలి. ఉండదనిపిస్తే ఈ దారి పట్టకండి.

రెండో దారి, నడక తగ్గించుకోవడం. కుంబాంగ్ గదికి పూర్తిగా నడిచే వెళ్లాలని లేదు. కౌలా తహాన్ నుంచి తెంబెలింగ్ మీద పడవలో ఎదురెక్కి కౌలా తెరెంగ్గాన్ అనే చోట దిగితే అక్కడి నుంచి గంట లోపు నడక. డాక్టరు సరేనంటే ముగ్గురూ ఇలా వెళ్లొచ్చు. నడక కష్టం తీరుతుంది, రాత్రి ఆసుపత్రికి దూరం మాత్రం అలాగే ఉంటుంది. ఆయన స్థితిలో దీన్ని నేను ఎంచుకోను. మీకైతే ఇదే ఎంచుకుంటాను. ఆరు గంటలు నడిచి వెళ్లినవాళ్లు రాత్రి తొమ్మిదికే ఒళ్లు తెలియకుండా నిద్రపోతారు. మీరు వెళ్లేది మేలుకోవడానికి కదా.

మూడోది, విడిపోవడం. ఆయన, మనవడు కౌలా తహాన్‌లో, మీరు లోపల ఒక్క రాత్రి. దీనికి తోడెవరన్నదే ప్రశ్న. అల్లుడితో అయితే మీరు రాయకపోయినా నాకు తెలుస్తున్న ఇబ్బంది ఒకటుంది. అల్లుడి ముందు గట్టిగా మాట్లాడని తరం మనది. ఒకే గదిలో బల్లల మీద, పరిచయం లేని మరో పదిమంది పక్కన అత్తగారు, అల్లుడు పడుకోవడం, అర్ధరాత్రి బయటికి వెళ్లాలంటే ఆయన్నే లేపడం. ఆ కుర్రాడికి ఏమీ అనిపించకపోవచ్చు, మీకు మాత్రం రాత్రంతా బిగుసుకుపోయినట్టుంటుంది.

మీ అమ్మాయిని అడిగారా?

నాలుగు పేజీల్లో మీ అమ్మాయి ఒక్క వాక్యంలోనే కనబడింది, "ఈ వయసులో నీకెందుకమ్మా" అన్నచోట. ఆ ట్రెక్ బుక్ చేసినప్పుడు ఆమెను ఎవరూ రమ్మన్నట్టు లేదు, పిల్లాడున్నాడు కాబట్టి ఇంట్లో ఉంటుందని అందరూ అనేసుకున్నారు. నాలుగేళ్లుగా ఆమె ఎక్కడికీ కదలలేదేమో. అందరూ కౌలా తహాన్ వెళ్లి, మనవణ్ని తాతగారు, తండ్రి చూసుకుంటుంటే, తల్లీ కూతురూ ఒక రాత్రి లోపలికి వెళ్లి రావచ్చు. మీ ఆయనకు అప్పుడు "మిగిలిపోయిన" మనిషి పాత్ర ఉండదు, బుంబున్ తహాన్‌లో మనవడికి కణితిని చూపించే తాత పాత్ర ఉంటుంది. దీనివల్ల నష్టపోయేది మీ అల్లుడు. ఎంతో ఇష్టపడి వేసుకున్న ప్లాన్ నుంచి ఆయన్నే తప్పిస్తున్నాం. ఇది చిన్న విషయం కాదు. ఆయన మనసు నొచ్చుకోకుండా, "మీరు ఇచ్చిన కానుక ఇదే, కాస్త మార్చుకుంటున్నాను" అని మీరే స్వయంగా చెప్పాలి. అమ్మాయి రానంటే బలవంతపెట్టొద్దు. అప్పుడు గైడ్‌తో వెళ్లే ఏదైనా చిన్న బృందంలో చేరి మీరొక్కరే వెళ్లడం కూడా జరిగే పనే. ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు. మీ బీపీ, మోకాళ్లు కూడా డాక్టరుకు ఒకసారి చూపించుకునే వెళ్లండి, 63 ఏళ్లన్నది మీకూ వర్తిస్తుంది.

ఇక మీ అసలు భయానికి వస్తాను. ఏమీ కనబడకపోతే?

కనబడకపోవచ్చు. ఈ మాట మీ ఆయనకు, అల్లుడికి ఇప్పుడే చెప్పేయండి. టీవీలో చూసి అడవికి వెళ్లేవాళ్లు పులి, ఏనుగు ఎదురొస్తాయనుకుంటారు. మలేసియా మొత్తంలో ఇప్పుడు అడవిలో మిగిలిన పులులు 150 లోపేనని అంచనా. తమాన్ నెగారా 4,343 చదరపు కిలోమీటర్లు, మూడు రాష్ట్రాల మీద పరుచుకుని ఉంది. సుమత్రా ఖడ్గమృగాలైతే మలేసియాలో ఇక లేనేలేవు, చివరిది 2019 నవంబరులో సబా రాష్ట్రంలో చనిపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం సరిగా తినలేకపోయాను.

జంతువులు తక్కువ కనబడటానికి కారణం మీ బోర్డు మీదే ఉంది. మీరు గీసిన ఆ పై పొర, దాని కింద పొర వెలుతురంతా తాగేస్తే నేల మీదికి వచ్చేది నూటికి ఒకటి రెండు పాళ్లు. గడ్డి మొలవదు. గడ్డి లేనిచోట జింకల మందలెలా ఉంటాయి? తిండంతా తలకు ముప్పై నలభై మీటర్ల పైన ఉంది, కాబట్టి బతికేవాటిలో ఎక్కువ భాగం పైనే బతుకుతాయి. కింద తిరిగే పెద్ద జంతువులు కొద్ది, అవీ ఒంటరివి, అవీ రాత్రిళ్లు తిరిగేవి. పది పన్నెండు గజాల అవతల ఏనుగు నిలబడ్డా ఆకుల వెనక తెలియదు. అందుకే మాటు గదులను ఉప్పు నేలల ఎదురుగా కట్టారు. ఎడతెగని వానలకు మట్టిలోని లవణాలు కొట్టుకుపోతాయి, ఆకులు మేసే జంతువులకు ఉప్పు చాలదు. ఆ లవణాలు దొరికే నేల ఎక్కడుంటే అక్కడికి వచ్చి నాకిపోతాయి. బుంబున్ అంటే మన మొక్కజొన్న చేలల్లో మంచె లాంటిదే, పొడవాటి కాళ్ల మీద కట్టిన గది, ముందు పొడుగాటి కిటికీ. మంచె మీద మనిషి జంతువును తరమడానికి కూర్చుంటాడు, ఇక్కడ రమ్మని కూర్చుంటాడు.

నేను వెళ్లిన రాత్రి మేం ఆరుగురం. గంటకొకరు చొప్పున కాపలా వంతులు వేసుకున్నాం. నా వంతు రెండింటికి. టార్చి వేసి మైదానం మీద నెమ్మదిగా తిప్పితే దూరంగా రెండు ఆకుపచ్చ చుక్కలు వెలిగాయి, కాసేపు అలాగే ఉండి ఆరిపోయాయి. కణితో మరోటో తెలియదు. టాపిర్ కోసం తెల్లారేదాకా చూశాం, రాలేదు. ముందు సగం నలుపు, నడుం దగ్గర దుప్పటి కప్పినట్టు తెలుపు, చిన్న తొండం లాంటి మూతి ఉండే ఆ జంతువు గుర్రానికీ ఖడ్గమృగానికీ చుట్టం. వెన్నెట్లో ఆ నలుపు తెలుపుల వల్లే ఆకారం విడిపోయి బండరాయిలా అనిపిస్తుందంటారు. వచ్చిందో, మేం బండరాయే అనుకున్నామో కూడా చెప్పలేను. మా బిస్కెట్ల పొట్లాన్ని మాత్రం ఎలుక ఈడ్చుకుపోయింది. తిండిని సంచితో సహా తాడుకు వేలాడదీయండి.

ఐనా ఆ రాత్రిని నేను దేనికీ ఇచ్చుకోను. సాయంత్రం చీకటి పడబోతుండగా కీచురాళ్లు ఒక్కసారిగా అందుకున్నాయి, రంపపు మిల్లు పక్కన కూర్చున్నట్టే. చీకటి పడేసరికి ఆ మోత తగ్గి కప్పలు మొదలయ్యాయి. గైడ్ గది కిందికి తీసుకెళ్లి టార్చి ఆర్పేయమన్నాడు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పుచ్చిన దుంగ మీద పాలిపోయిన ఆకుపచ్చ వెలుగు కనబడింది. పుట్టగొడుగులు. శిలీంధ్రాల పాఠం చెప్పిన మీరు దాన్ని చూస్తుంటే నేను మీ ముఖం చూడాలని ఉంది. తెల్లవారుజామున మంచు పొగలో గిబ్బన్లు, అంటే తోకలేని కోతుల్లాంటివి, పాడతాయి, ఒకటి ఎత్తుకుంటే దూరం నుంచి మరొకటి అందుకుంటుంది. ఇంకాస్త వెలుగొచ్చాక పైన రైలింజను ఆవిరి వదిలినట్టు చప్పుడైంది, తలెత్తితే హార్న్‌బిల్ పక్షి రెక్కలు.

"ఏం చూశారు" అని మీ ఆయన అడిగితే "ఏమీ చూడలేదు, విన్నాను" అనండి. మొదట నవ్వుతారు. మనవడు మాత్రం ఆ చప్పుళ్లన్నీ చేసి వినిపించమంటాడు.

చీర గురించి. చీరకట్టుతో ఆ దారి నడవొద్దు. కుచ్చిళ్లు బురదలో తడిసి కాళ్లకు చుట్టుకుంటాయి, జలగ ఎక్కినా తెలియదు. ప్యాంటు వేసుకోవడానికి మనసొప్పకపోతే వదులు నూలు పంజాబీ డ్రస్ చాలు, పైజామా చివరలు జలగ సాక్సుల్లోకి దోపేయండి. మోకాలి దాకా వచ్చే ఆ గుడ్డ సంచుల్లాంటి సాక్సులు ముందే కొనుక్కోండి. ఇంట్లో ఒకరోజు అవి వేసుకుని అల్లుడి ముందు రెండు గదులు నడిచి చూడండి, రెండో గదికి వెళ్లేసరికి సిగ్గు సగం పోతుంది. జీన్సు మాత్రం వద్దు, తడిస్తే ఆరదు. ఇక జలగలు, ఇవి మన చెరువుల్లో గేదెల్ని పట్టే జలగలు కావు, సన్నని దారంలా ఆకు చివర నిలబడి మనిషి వెచ్చదనం తగలగానే ఊగుతుంటాయి. పట్టినా చాలావరకు నొప్పి తెలియదు. ఉప్పు చల్లడం, అగ్గిపుల్ల పెట్టడం చేయకండి, కడుపులోది గాయంలోకి కక్కుతాయి. నోరున్న చివర గోరు పెట్టి పక్కకు తోసేస్తే ఊడిపోతుంది. మొదటిదానికి ఒళ్లు జలదరిస్తుంది. ఐదో దానికి మీరే పక్కవాళ్లకు తీసిపెడతారు.

కుంబాంగ్ గది దగ్గర మరుగుదొడ్డి ఉంది, మోటుగా ఉంటుంది కానీ ఉంది. పరుపు, దుప్పటి ఉంటాయని అనుకోవద్దు. జూలై మంచి నెలే, వానలు ముంచెత్తేది నవంబరు నుంచి. ఐనా అది పేరులోనే వర్షం ఉన్న అడవి, మధ్యాహ్నం ఒక వాన గ్యారంటీ అనుకుని పొడి బట్టలు ఒక జత ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోండి.

ఈ రాత్రి మనవడు పడుకున్నాక ఆయనతో ఒక్క డాక్టరు ఫోన్ గురించి మాత్రమే మాట్లాడండి. అడవి మాట, అమ్మాయి మాట ఇవాళే ఎత్తొద్దు. అన్నీ ఒకేసారి పెడితే అన్నిటికీ కలిపి ఒకే "కుదరదు" వస్తుంది. వెళ్లేది ఎవరైనా సరే, టార్చి అద్దానికి ఎర్ర కాగితం రబ్బరు బ్యాండుతో కట్టి తీసుకెళ్లండి. తెల్ల వెలుగు పడితే ఉప్పు నేలకు వచ్చింది బెదిరి పారిపోతుంది.